కుంటుకుంటూ దాజీ పేట్ దాకా

కరీంనగర్ డిపోలో నేను లేడీ కండక్టర్‌ని. కదిలే బస్సులో రోజంతా నిలబడడమే నా ఉద్యోగం. అలాంటి నాకు కుడి మడమ ఎదురు తిరిగింది. పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టానో లేదో, మడమ అడుగున ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళేసరికి కాస్త సర్దుకునేది. వంట పూర్తయ్యేసరికి అసలు నొప్పి ఉందా, నేనే ఊహించుకున్నానా అని అనుమానం వచ్చేది. డ్యూటీ మధ్యలో టీ తాగడానికి కూర్చుని లేస్తే మళ్ళీ అదే మేకు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక బండిలో రెండు కాళ్ళు పెట్టే చోటే దొరకదు. ఒంటికాలి మీద కొంగలా నిలబడి టికెట్లు కొడుతుంటే, అది నా మర్యాద అనుకుని జనం ఇంకొంచెం మీదికి జరిగేవారు.

ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముక కింద చిన్న ముల్లు పెరిగిందన్నారు. ఆపరేషన్ చేసి తీసేయాలేమో అని కూడా ఎవరో అన్నారు. ఆ ముల్లు మాట విన్నప్పటి నుంచి నాకు కలలో కూడా తుమ్మచెట్లే.

డిపోలో సెలవు ఇచ్చారు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే సోలాపూర్ నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. భూలక్ష్మి అత్తమ్మ మా నాన్నకు అక్క. సిరిసిల్లలో పుట్టి, పెళ్ళయ్యాక సోలాపూర్ మగ్గాల మధ్యకు వెళ్ళి అక్కడే ముసలిదైంది. రాఖీ పున్నమికి నేతవాళ్ళ దేవుడు మార్కండేయుడి రథం చూద్దువు రమ్మని ఏటా పిలుస్తుంది, నేను ఏటా డ్యూటీ ఉందంటాను. ఈసారి ఆ పిలుపుకు ఒక కొత్త మాట కలిపింది.

"నా మడమ గూడ గుంజుతున్నది బిడ్డా. జర రారాదు, ఇద్దరం కల్సి కుంటుదాం."

నిలబడలేని కండక్టర్ కూర్చుని చేయగలిగిన పని ప్రయాణం ఒక్కటే. బయల్దేరాను.

రైలు పెట్టె వైద్యం

రైల్లో కాలు సీటు కింద నుంచి తీసేటప్పుడు "అబ్బా" అన్నాను. చేసిన పొరపాటు అంతే. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ వైద్యులైపోయారు. తాండూరులో ఎక్కిన పెద్దాయన కంకర రాళ్ళ మీద నడవమన్నాడు. పై బెర్తు నుంచి తల వేలాడదీసిన ఒకావిడ, కంకర మీద నడిచే తన మరిదికి రెండో మడమ కూడా పట్టుకుందని చెప్పింది. దాంతో వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. బండి వాడి జంక్షన్ చేరేసరికి కర్పూరం నూనె, ఆముదం, ఉప్పునీళ్ళు అన్నీ పోటీలోకి దిగాయి. నా మడమను మాత్రం అందరూ మరిచిపోయారు.

ఎదురు సీట్లోని సోలాపూర్ దంపతులు ఏ వైద్యమూ చెప్పలేదు. డబ్బా తెరిచి అప్పడంలా ఎండబెట్టిన జొన్న రొట్టె నా చేతిలో పెట్టారు. కడక్ భాకరీ అంటారట. దాని మీద పల్లీల పొడి, పైన గడ్డపెరుగు. మా ఇళ్ళల్లో జొన్నరొట్టె మెత్తగా లేకపోతే చేసినవాళ్ళకు తిట్లు. ఇక్కడ విరిగేటప్పుడు చప్పుడు రాకపోతే తిట్లట. ఆ పల్లీల కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలు నొప్పికి ఏడుస్తున్నాననుకుని పై బెర్తు ఆవిడ మళ్ళీ ఆముదం గురించి మొదలుపెట్టింది.

దాజీ పేట్

అత్తమ్మ కొడుకు శంకర్ బావ స్కూటర్ మీద స్టేషన్‌కు వచ్చాడు. దాజీ పేట్‌లోకి మలుపు తిరగ్గానే బావ పెదాలు కదులుతున్నాయి గాని మాట వినపడడం ఆగిపోయింది. ప్రతి రెండో ఇంట్లో పవర్‌లూమ్‌లు ఆడుతున్నాయి. ఆ టకటకలో పుట్టి పెరిగినవాళ్ళు చేతులతో, కనుబొమలతో సగం సంసారం నడిపేస్తారు. బావకు నాలుగు మరమగ్గాలు, వాటి మీద తువాళ్ళు నేస్తాడు. మాట వినపడే చోటికి రాగానే, "చా తాగుతవా, పోహా తింటవా?" అని అడిగాడు. మా కరీంనగర్ తెలుగే, కాకపోతే నడుమ నడుమ మరాఠీ తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతుంటుంది.

అత్తమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. ఆమె కుంటేది ఎడమ కాలితో, నేను కుడి కాలితో. పక్కపక్కన నడిస్తే ఒక అడుగుకు ఇద్దరం దూరంగా జరుగుతాం, మరో అడుగుకు భుజాలు గుద్దుకుంటాం. వాకిలి నుంచి వంటింటి దాకా అలాగే వెళ్ళాం. కోడలు రేణుక అది చూసి నవ్వు ఆపుకోలేక, చేతిలోని చెంబు కింద పెట్టి లోపలికి పారిపోయింది. ఆమె ఎందుకు నవ్విందో ముందు నాకు, తర్వాత అత్తమ్మకు తట్టి, ఇద్దరం గుమ్మం పట్టుకుని నవ్వాం.

ఇల్లంతా నున్నటి నల్లరాయి పరిచి ఉంది. వానాకాలం చల్లదనం ఆ రాయిలోంచి నేరుగా మడమలోకి ఎక్కుతుంది. ఇంట్లో చెప్పులు వేసుకోవడం మా దగ్గరా లేదు, అక్కడా లేదు.

ఇటుక, జిల్లేడు, సాక్సు

మరునాడు పక్కింటి యెల్లమ్మక్క వచ్చింది. బీడీలు చుట్టే చేతులతోనే ఆ గల్లీలో నొప్పులకు వైద్యం కూడా చేస్తుంది. బాగా వేడిచేసిన ఇటుక మీద జిల్లేడు ఆకులు పరిచి, వాటి మీద మడమ పెట్టాలి. అత్తమ్మ అలవాటున్న మనిషిలా పెట్టింది. నేను భయపడి, సాక్సు ఉంటే వేడి తగ్గుతుందనుకుని అలాగే పెట్టాను. అది నైలాన్ సాక్సు. ముందు వాసన వచ్చింది. కాలు తీస్తే సాక్సు మడమ ఇటుకకే అతుక్కుని ఉండిపోయింది. అదృష్టం, చర్మానికి ఏమీ కాలేదు. యెల్లమ్మక్క ఇటుకను అటూ ఇటూ తిప్పి చూసి, ఈ మందు నా నొప్పికి కాదు గాని ఇటుక నొప్పికి బాగానే పనిచేసిందని తీర్పు చెప్పింది. ఆ రోజంతా గల్లీలో ఆ సాక్సు ముచ్చటే.

వేడికి నాకు కొంచెం హాయిగానే అనిపించింది. అత్తమ్మకు ఆ హాయి కూడా దక్కలేదు. పెదవి బిగించి కూర్చుంది, అంతే.

కొంతం చౌక్

సాయంత్రం మెత్తటి చెప్పులు కొందామని ఇద్దరం కొంతం చౌక్‌కు బయల్దేరాం. రిక్షా వద్దు, నడిస్తే కీళ్ళు వదులవుతాయని అత్తమ్మ పట్టు. దారి పొడవునా ఆమెను పలకరించనివాళ్ళు లేరు. పువ్వులమ్మే ఆవిడ మరాఠీలో, దర్జీ ఉర్దూలో, తువాళ్ళ మూటలు మోసేవాళ్ళు తెలుగులో. అత్తమ్మ అందరికీ వాళ్ళ వాళ్ళ భాషలో జవాబిచ్చి, ఎల్లుండి రథం ముంగట కలుద్దామని చెప్పింది. రథం ముందు కలశాలు పట్టుకుని నడిచే ఆడవాళ్ళలో ఆమెది మొదటి వరస.

చౌక్ దగ్గరికి వచ్చేసరికి నా నొప్పి సర్దుకుంది. ఉత్సాహంగా ముందుకు నడిచి, చెప్పుల దుకాణంలో బేరం కూడా మొదలుపెట్టాను. మా ఊరి ధర కంటే తక్కువే చెప్పాడు, అయినా అలవాటు మానలేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ లేదు. రెండు దుకాణాల అవతల మెట్టు మీద కూర్చుని ఉంది. ఎడమ కాలు చేతుల్లో పట్టుకుంది. ముఖాన చెమట.

అప్పుడు నాకు తట్టింది. నా నొప్పి నడిస్తే తగ్గుతుంది, ఆమెది నడిచిన కొద్దీ పెరుగుతోంది. పొద్దున లేవగానే ఎలా ఉంటుందని అడిగితే, లేవగానే నయమే, పొద్దుగూకే సరికి కాలు కింద పెట్టనివ్వదని చెప్పింది. ఇద్దరిదీ ఒకటే రోగమనుకుని ఒకే ఇటుక మీద కాళ్ళు పెట్టాం. బేరమాడిన చెప్పులు అక్కడే వదిలేసి రిక్షా పిలిచాను. ఇంటికి రాగానే రేపు డాక్టర్ దగ్గరికి పోదామని బావతో అన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. రథం అయ్యాక చూద్దామంది. నేను రేపే తిరుగు రైలు ఎక్కేస్తానని బెదిరిస్తే అప్పుడు లొంగింది, అది కూడా నా మడమ చూపించడానికి తోడు వస్తానన్న షరతు మీద.

హోట్గి రోడ్

హోట్గి రోడ్‌లో ఎముకల డాక్టరమ్మ ఉంది. నలభై లోపు మనిషి, మరాఠీ బోర్డు. డాక్టర్ల దగ్గర మరాఠీ మాట్లాడితేనే మర్యాద దక్కుతుందని అత్తమ్మ నమ్మకం. లోపలికి అడుగు పెడుతూనే మరాఠీలో అందుకుని ఇక వదల్లేదు. నాకు ఆ భాష రాదు కాబట్టి అత్తమ్మే దుబాసీ.

ముందు నా పాదం. డాక్టరమ్మ మడమ అడుగున లోపలి వైపు ఒక చోట బొటనవేలితో నొక్కింది. నేను బల్ల మీంచి లేచి కూర్చున్నాను. తర్వాత కాలివేళ్ళు పైకి వంచి చూసింది, పిక్క ఎంత బిగుసుకుందో చూసింది, ఫోన్‌లో ఉన్న ఎక్స్‌రే చూసి పక్కన పెట్టింది. కాగితం మీద పాదం బొమ్మ గీసి చాలాసేపు చెప్పింది. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"నీ ముల్లు ఏం చెయ్యదంట. నొప్పి లేనోళ్ళకు గూడ ఉంటదంట. మడమ కాడికెల్లి వేళ్ళ దాక ఒక పట్టీ ఉంటది, మగ్గం మీద పడుగు లెక్క గుంజి కట్టినట్టు. దినమంత నిలబడి నిలబడి అది మడమ కాడ దెబ్బతిన్నదంట. నిద్రల ముడుచుకపోతది, లేశి కాలు వెడితే ఒక్కపారే గుంజుకుంటది. గందుకే పొద్దుగాల గంత నొప్పి."

ఆపరేషన్ మాటే లేదట. మంచం దిగక ముందే తువ్వాలు పాదానికి వేసి తన వైపు లాక్కుంటూ పట్టీని, పిక్కను సాగదీయాలి. గోడకు చేతులు ఆనించి పిక్కల వ్యాయామం చేయాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసాను పాదం కింద దొర్లించాలి. మడమ కింద మెత్త ఉన్న బూట్లు వేసుకోవాలి. రాతి నేల మీద వట్టి కాళ్ళతో తిరగకూడదు, ఇంట్లోనైనా సరే. తగ్గడానికి నెలలు పడుతుంది, కానీ ఎక్కువమందికి ఇంతటితోనే తగ్గుతుంది. సూదిమందు లాంటివి ఇవేవీ పనిచేయనప్పటి సంగతి. అత్తమ్మ ఇదంతా అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. తుమ్మచెట్లన్నీ ఒక్కసారి కొట్టేసినట్టయింది నాకు.

తర్వాత అత్తమ్మను బల్ల ఎక్కించారు. నాకు నొక్కిన చోటే నొక్కితే ఆమె పెద్దగా కదల్లేదు. డాక్టరమ్మ మడమను రెండు అరచేతుల మధ్య పెట్టి రెండు పక్కల నుంచీ వత్తింది. అత్తమ్మ మరాఠీ అక్కడ ఆగిపోయింది. "అవ్వా" అని తెలుగులో మూలిగింది. వెంటనే ఎక్స్‌రేకు పంపించారు.

ఎక్స్‌రే పటం వచ్చేలోపు డాక్టరమ్మ ఏదో అడిగింది, అత్తమ్మ లేదు లేదని తల ఊపింది. తలుపు దగ్గర నిలబడ్డ శంకర్ బావ గొంతు సవరించుకున్నాడు.

"ఈ మధ్య మస్తు నడిసినవా అని అడుగుతున్నది నిన్ను. మరి పండరిపూర్?"

"అది నడకనా? అది వారీ" అంది అత్తమ్మ.

ఆషాఢంలో ఆ వారీ యాత్రకని గల్లీ ఆడవాళ్ళతో కలిసి సోలాపూర్ నుంచి పండరిపూర్ దాకా వట్టి కాళ్ళతో వెళ్ళి వచ్చిందట. దేవుడి కోసం నడిచింది నడకలోకి రాదని ఆమె లెక్క. డాక్టరమ్మ కలం కింద పెట్టి నుదురు పట్టుకుంది, నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను.

ఎక్స్‌రే వచ్చాక మాత్రం నవ్వలేదు. మడమ ఎముకకు అడ్డంగా తెల్లటి గీత ఒకటి చూపించి నెమ్మదిగా మాట్లాడింది. నాకు "ఫ్రాక్చర్" అర్థమైంది, "ఆరామ్" అర్థమైంది. "చాలాయ్‌చం నాహీ" అని రెండుసార్లు అంది. అందులో "నాహీ" ఏమిటో కరీంనగర్ కండక్టర్‌కు కూడా తెలుసు. అత్తమ్మ నా వైపు తిరిగి ప్రశాంతంగా తర్జుమా చేసింది.

"మంచిగనే ఉన్నదంట. జర నూనె రాసుకోమంటున్నది. రథం ముంగట మెల్లగ నడువుమన్నది."

డాక్టరమ్మ ఆమె వైపే చూస్తూ, అచ్చమైన దాజీ పేట్ తెలుగులో అంది.

"అత్తా, నేను గట్ల అనలే."

బావ గోడ వైపు తిరిగాడు, అతని భుజాలు ఊగుతున్నాయి. డాక్టరమ్మ పుట్టింది కొంతం చౌక్ వెనక గల్లీలోనట. తండ్రి చాదర్లు నేసేవాడు. నువ్వు మరాఠీలో మొదలుపెట్టావు కాబట్టి నేనూ మరాఠీలో మాట్లాడానని చెప్పింది. ఇక తెలుగులోనే వివరించింది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో సన్నగా పగులుతుంది, ఈ ఎముకా అంతే. వయసుతో ఎముక పలచబడితే ఇంకా తొందరగా పగులుతుంది, అందుకు వేరే పరీక్ష, మాత్రలు రాసింది. బరువు మోపకుండా కొన్ని వారాలు కాపాడుకుంటే దానంతట అదే అతుకుతుంది. మొండిగా నడిస్తే పగులు పూర్తిగా విడిపోవచ్చు, అప్పుడు మంచమే.

అత్తమ్మ తల దించుకుంది. ఆమె అలా దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తల ఎత్తకుండానే నాతో అంది.

"నడవకుంటే నన్నెవలు పిలుస్తరు బిడ్డా? మీ మామ పోయినంక ఆ రథం ముంగట జాగ ఒక్కటే నాది. ఒక్కసారి కూసోబెడితే ఇగ మూలకే."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "నడవొద్దన్న అత్తా. పోవద్దనలే" అంది.

రథం

ఆ మాట పట్టుకుని శంకర్ బావ ఆ సాయంత్రమంతా తిరిగాడు. ఊరేగింపులో ఒక టెంపో మీద చేతిమగ్గం బిగించి, దారి పొడవునా దేవుడికి వస్త్రం నేస్తారు. మగ్గం దగ్గర నేసేవాళ్ళకు కొదవ లేదు. పక్కన రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టేవాళ్ళు కావాలి. కాలితో పని లేదు, కూర్చునే చేయొచ్చు. అత్తమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో చేసింది ఆ పనే. పెద్దలు వెంటనే సరేనన్నారు.

రాఖీ పున్నమి పొద్దున సన్నగా వాన. కాషాయ జెండాలు, డోళ్ళు, గలగలమనే లేజిమ్‌లు పట్టుకుని ఆడే జట్లు, వీధంతా మనుషులే. అత్తమ్మ కొత్త పచ్చ చీర కట్టి, కాలికి డాక్టర్ ఇచ్చిన పెద్ద బూటు తొడుక్కుని, ఆ కాలు దిండు మీద చాపి టెంపోలో కూర్చుంది. బూటు చూసి పోలీసోళ్ళలో చేరావా అని ఎవరో అడిగారు. జాగ్రత్తగా ఉండు, మొదట నిన్నే పట్టుకుంటానంది అత్తమ్మ. మెత్తటి బూట్లు తొడుక్కుని నేను టెంపో వెనక చెక్క మీద కూర్చున్నాను.

మొదటి మలుపులో టెంపో ఒక్క కుదుపు కుదిపింది. అత్తమ్మ చేతిలోని కండె ఎగిరి, వెనక వస్తున్న బ్యాండువాడి పెద్ద పీపీ గొట్టంలో పడింది. అతను ఊదితే రాగం రాలేదు, పిల్లి కూత వచ్చింది. నూలు మాత్రం తెగలేదు. ఆ దారం పట్టుకుని అత్తమ్మ కండెను చేపను లాగినట్టు లాగింది. చుట్టూ ఉన్నవాళ్ళు రథం మాట మరిచి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. ముందు వరసలో కలశాలతో నడవాల్సిన ఆడవాళ్ళు అత్తమ్మతో ఒక మాట మాట్లాడి పోదామని ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. వచ్చినవాళ్ళు వెళ్ళలేదు. కొందరు టెంపో పక్కన నడిచారు, కొందరు ఎక్కి ఒక కండె చుట్టి దిగుతామన్నారు. యెల్లమ్మక్క ఎక్కి, నా సాక్సు కథ పైనుంచి అందరికీ చెప్పింది. రద్దీ చూసి నా చేతులు ఊరుకోలేదు. దిగేవాళ్ళను ముందు దిగనివ్వమని, ఎక్కేవాళ్ళు వరసలో రమ్మని అరిచాను. కొందరు నిజంగానే వరస కట్టారు. ఒకావిడ టికెట్ ఎంతని అడిగింది. చివరికి నిర్వాహకుడు పరుగెత్తుకుంటూ వచ్చి, రథం ముందు ఆడవాళ్ళు ఒక్కరు కూడా లేరని, జర వాళ్ళను పంపించమని అత్తమ్మను బతిమాలాడు. అత్తమ్మ రాట్నం ఆపకుండా, తలలో పూలు సర్దుకుంటూ పంపిస్తానంది. చాలాసేపటి దాకా ఎవరినీ పంపించలేదు.

గుడి దగ్గర మెట్లున్నాయి. అత్తమ్మ ఎక్కకూడదు. నలుగురు నేతగాళ్ళు ఆమెను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తారు. దారి పొడవునా నేసిన బట్టను మగ్గం నుంచి కోసి ఆమె ముందే దేవుడికి కప్పారు. కుర్చీలో అంత ఎత్తున కూర్చుని అత్తమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కింద నుంచి తెలియలేదు. కుర్చీ దించాక అడిగితే, ఇన్నేళ్ళూ జనం తలలే కనపడ్డాయి, దేవుడి మొహం ఇవాళే సరిగ్గా చూశానంది.

తిరిగి వచ్చాక

బావ ఇచ్చిన తువ్వాలుతోనే రోజూ పొద్దున పాదం సాగదీశాను. సీసా దొర్లించాను. ఇంట్లో కూడా చెప్పులతో తిరుగుతుంటే మా ఆయన మొదట్లో ముఖం చిట్లించాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఒక్క రోజులో ఏమీ మారలేదు. కొన్ని వారాలు అసలు తేడానే లేదు. మధ్యలో విసుగొచ్చి రెండు రోజులు మానేస్తే మళ్ళీ మొదటికొచ్చింది. కానీ నెలలు గడిచేసరికి రోజు రోజుకూ కాకుండా, వారం వారానికి తగ్గింది. చలికాలం నడుమ మళ్ళీ డ్యూటీ ఎక్కాను.

అత్తమ్మ ఎముక అతికిందని, బూటు తీసేశారని బావ చెప్పాడు. ఆమె ఇప్పుడు దాజీ పేట్‌లో ఎవరు కుంటినా పిలిచి, మడమ రెండు పక్కలా వత్తి చూస్తోందట. కేక వేసినవాళ్ళను హోట్గి రోడ్ పంపిస్తోందట.

మొన్న జగిత్యాల బస్టాండులో బండి నిండుతుండగా ఆమే ఫోన్ చేసింది.

"కొంతం చౌక్ దాక పొయ్యొచ్చిన బిడ్డా. ఒక్కదాన్నే, నడుసుకుంట."

నొప్పి ఉందా అని అడిగాను.

"లే. సగం తొవ్వ పోయినంక యాదికొచ్చింది, అరె నేను నడుస్తున్న గదా అని. ఆడనే నిలవడి నవ్విన. పూలమ్మెటామె నాకు పిచ్చి లేసిందనుకున్నది."

నాకూ నవ్వు ఆగలేదు. బయల్దేరే టైము దాటిందని డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. కడ్డీ పట్టుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడి, రైట్ రైట్ అన్నాను.